ట్రైలర్ చూసి చెప్పిన మాట

"ఆ తండ్రి చచ్చిపోతాడు. గుర్రం మాత్రం బతుకుతుంది."

బిష్కెక్‌లోని ఒక సినిమా హాల్లో, అసలు సినిమాకి ముందు వేసే ట్రైలర్ చూస్తూ ఎర్నిస్ పక్కనున్న స్నేహితుడితో అన్నాడు. గుసగుసగానే అన్నాననుకున్నాడు. ముందు వరసలోని అమ్మాయి గిర్రున వెనక్కి తిరిగింది.

"అన్నా, ట్రైలర్ కూడా చూడనివ్వవా?"

"కథ చెప్పట్లేదమ్మా, ఊహిస్తున్నా."

"అదైనా సరిగ్గా ఊహించు. అతని కోటు మీద దుమ్ము చూశావా? అది ఇల్లు చేరినవాడి దుమ్ము. తండ్రి చావడు."

ఆ సినిమా విడుదలయ్యాక చూస్తే తండ్రి బతికాడు. గుర్రమే పోయింది. హాలు బయట ఆ అమ్మాయి మళ్ళీ ఎదురుపడి, "గుర్రానికి నా సానుభూతి చెప్పు" అంది. అలా పరిచయమైంది బెగిమాయ్.

అతను బడిలో కంప్యూటర్ టీచరు. ఆమె పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది. ఇద్దరూ కలిసి ఫోన్లో ఒక షో మొదలుపెట్టారు. కొత్త సినిమాల, సిరీస్‌ల ట్రైలర్ అప్పటికప్పుడు లైవ్‌లో చూసి, చూడగానే ఏమనిపించిందో చెప్పడం. ముందే చూసి రాకూడదు, చెప్పిన మాట మార్చకూడదు. వాళ్ళ సినిమా పరిజ్ఞానం కోసం కాదు, పోట్లాట కోసమే జనం ఎగబడి చూసేవారు. రెండేళ్ళు గడిచాయి. అతనామెతో అన్నీ చెప్పాడు, చెప్పవలసినది తప్ప.

చెప్పకపోయినా కనిపెట్టింది ఎర్నిస్ తల్లి కెంజెగుల్. ఐదు పూటలా నమాజు చేసే మనిషి, షో మాత్రం ఒక్క వారమూ వదిలేది కాదు.

"ట్రైలర్ చూడరా అంటే ఆ పిల్లని చూస్తావేంట్రా? అడిగి తెచ్చుకోమంటావా?" అందొకరోజు టీ పోస్తూ.

ఎర్నిస్ చెవులు ఎర్రబడ్డాయి. "నీ ఇష్టం అమ్మా" అని గిన్నెలో మొహం దాచుకున్నాడు. అమ్మ వేళాకోళమాడుతోందనుకున్నాడు.

మే నెలలో బడిపిల్లల్ని తీసుకుని కొండల మీదికి వెళ్ళాడు. అక్కడ ఫోను పలకదు. తిరిగొస్తుండగా, ఊరు దగ్గరపడ్డాక తల్లి ఫోను చేసింది.

"ముందు ఇంటికి రారా. నీకో సంగతి చెప్పాలి. ఎదురుగా చెప్పాలి."

"షో ఉందమ్మా. అయ్యాక వస్తా."

బస్సు దిగినవాడు దిగినట్టే షో గదికి వెళ్ళాడు. బెగిమాయ్ అప్పటికే కెమెరా ముందు కూర్చునుంది. ఆమె చెవులకి కొత్త కమ్మలున్నాయి. వెండివి, ఎర్ర పగడం పొదిగినవి.

ఎర్నిస్ గుమ్మంలోనే ఆగిపోయాడు. పెళ్ళికొడుకు తల్లి వచ్చి పిల్ల చెవులకి కమ్మలు పెట్టిందంటే సంబంధం ఖాయమైనట్టే. అలాంటి కమ్మలు సరదాకి ఎవరూ పెట్టుకోరు. తను కొండల్లో ఉండగా ఏ తల్లి వచ్చింది? ఎవడి తల్లి?

"అలా చూస్తావేం? ఏదైనా చెప్పొచ్చుగా?" అని నవ్వింది బెగిమాయ్. ఆ నవ్వులో ఎన్నడూ లేని సిగ్గుంది. అతనికి అదీ మంటగానే తోచింది.

"లైవ్ మొదలుపెట్టు" అన్నాడు.

ఆ రోజు ట్రైలర్ ఒక కొత్త సిరీస్‌ది. గాలిదుమారం, గుర్రాలు, ఏడుస్తున్న ఒక కుర్రాడు. చివర్లో ఒక ముసలామె ఒక పిల్లకి కమ్మలు పెడుతుంది, పిల్ల తలవంచుతుంది.

బెగిమాయ్ కెమెరావైపు కాక అతనివైపు తిరిగింది. "చెప్పు ఎర్నిస్, చూడగానే ఏమనిపించింది?"

"ఆ పిల్లకి మనసనేది లేదనిపించింది."

ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. "పాపం, ఏం చేసింది?"

"ఎవరి తల్లో వచ్చి పెట్టింది, ఈవిడ చెవి చాపింది. అన్నాళ్ళూ పక్కన కూర్చున్నవాడొకడు ఉన్నాడని గుర్తయినా రాలేదు. తళుక్కుమంటే చాలు ఇలాంటివాళ్ళకి."

"ట్రైలర్ గురించేనా నువ్వు మాట్లాడేది?"

"ఎవరికి తగిలితే వాళ్ళ గురించి."

తెర మీద పరుగెడుతున్న కామెంట్లు ఆగిపోయాయి. బెగిమాయ్ ఒక కమ్మ తీసింది. తర్వాత రెండోది తీసింది. రెండూ బల్ల మీద పెట్టింది.

"మీ అమ్మకి ఇచ్చెయ్."

"మా అమ్మకెందుకు?"

"పెట్టింది ఆవిడ కాబట్టి."

ఊరంతా ఇంకా లైవ్ చూస్తూనే ఉంది.

ఇంట్లో కెంజెగుల్ నమాజు చాప మీద కూలబడి ఉంది. "నువ్వే కదరా నీ ఇష్టం అన్నావు! మిమ్మల్ని తనే పంపాడా అని ఆ పిల్ల అడిగితే, వాడు నోటితో అంటాడా, సిగ్గుపడ్డాడు అన్నాను. అప్పుడు తలవంచింది."

పెళ్ళిళ్ళు పైవాడే రాసిపెడతాడని ఆ తల్లి నమ్మకం. నిజమే కావచ్చు. మరి ఆయన రాసినదాన్ని మనిషి ఒక్క మాటతో కొట్టెయ్యగలిగితే, ఆ మాటని నోటికి అందనిచ్చింది ఎవరు? ఆ రాత్రి ఆమె ప్రార్థనలో ఈ ప్రశ్నే అడిగింది. జవాబు రాలేదు.

మర్నాడు వానలో తల్లీకొడుకులు బెగిమాయ్ ఇంటికి వెళ్ళారు. తండ్రి గేటు సగమే తెరిచాడు.

"తల్లీ, మీ మీద కోపం లేదు" అన్నాడు కెంజెగుల్‌తో. "పెట్టినవి తీసేసిన పిల్ల మాది. ఆ మాట ఊరు మరిచిపోదు. మీవాడన్నదీ మరిచిపోదు. ఇంకేం మాట్లాడతాం?" అని లోపలికి వెళ్ళిపోయాడు.

కాసేపటికి బెగిమాయ్ వచ్చింది. చేతిలో పళ్ళెం, అందులో రొట్టె.

"బెగిమాయ్, నాకు తెలీదు. నిజంగా తెలీదు. వేరేవాళ్ళనుకున్నాను. నువ్వంటే నాకు..."

"తెలుసు. తెలుసు కాబట్టే పెట్టించుకున్నాను."

"మరి?"

"వేరేవాళ్ళు పెట్టినా పెట్టించుకుంటానని ఎలా అనుకున్నావు? అనుకున్నావు సరే, ఎవరివని ఒక్క మాట అడగలేకపోయావా? ట్రైలర్‌లో ముక్కూమొహం తెలియని హీరోయిన్ని చూసినట్టు చూశావు నన్ను."

 వాన అతని జుట్టులోంచి కళ్ళల్లోకి కారుతోంది. కెంజెగుల్ తలగుడ్డ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సారీ చెప్పడానికే వచ్చాను."

"విన్నాను." ఆమె పళ్ళెం అతని ముందుకి చాపింది. "రొట్టె తుంచుకోండి."

అతన్నే మీరు అంది. ఎర్నిస్ అదిరిపడ్డాడు. "నన్నా?"

"మా గుమ్మం దాకా వచ్చినవాళ్ళని రుచి చూడకుండా పంపం. ఎవరైనా సరే."

అతను ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడే పొయ్యిలోంచి తీసినట్టుంది, ఇంకా వెచ్చగా ఉంది. ఆమె పళ్ళెం తీసుకుని లోపలికి నడిచింది. గేటుకి గడియ పడేదాకా అతను నమల్లేదు.