చిలుకను కొలవని పంజరం

మాఘ శుద్ధ సప్తమి, బుధవారం, పొద్దు పొడిచిన రెండు ఘడియలకు చిత్రకోన రాజుగారి చిలుక పలకలేదు. అది పిలిస్తేనే కొండ కింద ఉన్న ఊట రాతితలుపు తెరుచుకుంటుంది. తాతల నాడు ఒక ముని ఇచ్చిన వరం అది. ఆ రోజు తలుపు తెరుచుకోలేదు. కోట తొట్లలో తొమ్మిది రోజులకు సరిపడా నీళ్లు ఉన్నాయి.

చిలుకను కొత్త పంజరంలోకి మార్చి అప్పటికి పదకొండు రోజులు. ఆ పంజరం చేసింది కంచరివారి అమ్మాయి నాంచారి. ఆమె వయసు పదహారు. వాళ్ల ఇంట్లో తరతరాలుగా దేవుళ్లకు ఇత్తడి మందిరాలు చేస్తారు. మందిరం పెట్టే గూటికి కొలత తీసుకుని పని మొదలుపెడతారు. లోపల ఉండే దేవుడు కదలడు కాబట్టి అది చాలు. నాంచారి కూడా రాజసభ గోడలోని గూటికే కొలత తీసుకుంది. ఎత్తు మూరన్నర, వెడల్పు జానెడు. పైన గోపురం, కూర్చోవడానికి నున్నటి ఇత్తడి కడ్డీ ఒకటి. సభలో అందరూ మెచ్చుకున్నారు.

రాజు విచారణ జరిపాడు. చిలుకను సాకే రేచన్న మేతలో ఏదో తప్పు చేశాడని మంత్రులు అన్నారు. రాజు నాంచారిని కూడా అడిగాడు.

"పంజరంలో లోపం ఏమైనా ఉందా?"

చిలుక తోక ఈకలు కమ్ములకు రాసుకుని విరిగి ఉండడం ఆమె ఆ ఉదయమే చూసింది.

"లేదు మహారాజా" అంది.

డెబ్బై ఏళ్ల రేచన్నను చెరసాలకు తీసుకుపోయారు. పోతూ అతను ఆమె వైపు చూశాడు.

మర్నాడు నాంచారి గరుడగుట్టకు బయలుదేరింది. వరమిచ్చిన ముని ఇంకా అక్కడే ఉన్నాడు. ఆయన చిలుక గొంతు తిరిగి ఇస్తే రేచన్న బయటికి వస్తాడని, తాను ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కరలేదని ఆమె అనుకుంది.

అడవి మొదట్లో ఒక ఎలుగుబంటి దారికి అడ్డం కూర్చుని ఉంది. అది మాట్లాడుతుంది. అడిగినదానికి నిజం చెప్పినవాళ్లనే పోనిస్తుంది.

"మీ చిలుక రెక్కలు విప్పితే ఎంత ఉంటుంది?" అని అడిగింది.

"జానెడు."

"అబద్ధం. ఇంకోసారి చెప్పు."

నాంచారి తల దించుకుంది. "తెలీదు. నేను కొలవలేదు."

"ఇది నిజం. పో. పంజరం చేసింది నువ్వేనని దారిలో ఎవరికీ చెప్పకు తల్లీ, నవ్వుతారు."

నాలుగో రోజు కనుమలో ఒక రాక్షసి ఆమెను పట్టుకుని ఇత్తడి పంజరంలో పెట్టింది. అందులో చేతులు చాపడానికి చోటు లేదు. కాళ్ల కింద నున్నటి కడ్డీ ఒకటే ఉంది. పంజరాన్ని పొయ్యి పక్కన వేలాడదీసి రాక్షసి వంట చేసుకుంది. పొగకు నాంచారి దగ్గింది. మధ్యాహ్నానికి అరికాళ్లు వాచాయి. సాయంత్రానికి ఆమెకు గొంతు పెగల్లేదు.

"ఏమే పిల్లా, ఇల్లు బాలేదా?" అంది రాక్షసి. "నా గూట్లో ఎంత పడుతుందో అంతే చేశాను. నిన్ను కొలవాలని నాకు తోచలేదు మరి."

నాంచారి మాట కూడదీసుకుంది. "నేనూ ఇట్లాగే చేశాను" అంది.

రాక్షసి తలుపు తీసింది.

గుట్ట మీద ముని ఆమె మాటలన్నీ విన్నాడు. చిలుక గొంతు తన దగ్గర లేదన్నాడు. చెరలో ఎవరున్నారని అడిగాడు. ఆమె చెప్పింది.

"అయితే నా దగ్గరికెందుకు వచ్చావమ్మా? ఈ మాట చెప్పాల్సింది మీ సభలో కదా. ముందు చెప్పు, ఆ తరువాత పంజరం చెయ్యి."

ఎనిమిదో రోజు ఆమె సభకు వచ్చింది. అందరూ ఉన్నారు, ఆమె తండ్రి కూడా. విరిగిన ఈకలు చూసి కూడా అబద్ధం చెప్పానని, రేచన్న తప్పేమీ లేదని చెప్పింది. తండ్రి తల ఎత్తలేదు. రాజు రేచన్నను విడిపించాడు. ఇకపై రేచన్న వద్దనే దాకా ఆమె అతని దగ్గర పని చేయాలన్నాడు.

చిలుక ఎంత ఉంటుందో ఆమె రేచన్ననే అడగాల్సి వచ్చింది. అతను ఆమెతో మాట్లాడలేదు. చిలుకను చేతి మీదికి తీసుకున్నాడు. అది రెక్కలు విప్పినప్పుడు నాంచారి దారంతో కొలిచింది. మూరెడు.

ఇత్తడికి చిలుము పడుతుంది, అది విషం; చిలుకేమో కమ్ములు కొరుకుతుంది. అందుకని ఆమె కమ్మరివాళ్ల కొలిమికి వెళ్లి ఇనుప కడ్డీలు అడిగి తెచ్చుకుంది. కంచరివారు ఆ గడప తొక్కడం అదే మొదలని కొలిమి దగ్గర నవ్వారు. కొత్త పంజరం పొడవు మూడు మూరలు, వెడల్పు రెండు, ఎత్తు రెండు. కమ్ముల మధ్య చిటికెన వేలంత సందు వదిలింది. చిలుక పాకి ఎక్కడానికి అడ్డ కమ్ములు వేసింది. లావుగా కొన్ని, సన్నగా కొన్ని జామకొమ్మలు కట్టింది. పంజరం గూట్లో పట్టలేదు. పొగ తగలని వరండాలో, ఒక వైపు గోడ ఉండేలా పెట్టారు.

తొమ్మిదో రోజు సాయంత్రానికి తొట్లు ఖాళీ అయ్యాయి. పదో రోజు పొద్దున చిలుక రెక్కలు విప్పి, మూసి, పిలిచింది. రాతితలుపు తెరుచుకుంది.

రేచన్న మరో మూడు రోజులు నాంచారితో మాట్లాడలేదు. నాలుగో రోజు ఉదయం వరండాలోంచి పిలిచాడు.

"జామకొమ్మ కొరికేసింది. మార్చాలి, రామ్మా."

ఆమె వెళ్లింది.