ఎర్ర కారు కింద అట్టముక్క

కర్టిస్ హోల్‌బ్రుక్ తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి డిటెక్టివ్ ఆర్లో టెస్మర్ బూట్లు విప్పేసి, వాచిన కాళ్లు ఎదుటి కుర్చీ మీద చాపుకుని ఉన్నాడు. మనిషిని చూసి కూడా కాళ్లు తీయలేదు. ఊళ్లో కార్ల ఫ్యాక్టరీ సగానికి సగం మూతపడ్డాక వచ్చే కేసులన్నీ ఒకటే రకం. ఎవరి మొగుడు ఎక్కడ తిరుగుతున్నాడు, ఎవరి టీవీ ఎవరు ఎత్తుకుపోయారు. వినీ వినీ ఆయనకు విసుగు పుట్టింది. అసిస్టెంటు నడీన్ లేచి ఇంకో కుర్చీ లాగింది.

కర్టిస్ స్కూలు బస్సు డ్రైవరు. చేతిలో టోపీని పిండేస్తున్నాడు.

“రేపు పొద్దున షెరీఫ్ ఆఫీసు పోలీసులొచ్చి నన్ను తీసుకుపోతారటండీ. ఆవిణ్ణి నేను గుద్దలేదు.”

ఆదివారం పొద్దుగూకే వేళ, మలుపు దగ్గర సైకిలు మీద పోతున్న ఇర్మా డోబెక్‌ను ఒక ఎర్ర కారు గుద్దింది. తుంటి విరిగి ఆవిడ ఆస్పత్రిలో ఉంది. నడిపిన మనిషి ఎవరో ఎవరికీ కనబడలేదు గానీ, కారును మాత్రం ఊరంతా గుర్తుపట్టింది. పంతొమ్మిది వందల డెబ్భై నాటి రెండు తలుపుల బండి, ఎనిమిది సిలిండర్ల ఇంజను, కిటికీ అద్దాలు అదిరిపోయే చప్పుడు. అలాంటిది మిషిగన్‌లోని ఆ చిన్న ఊళ్లో ఒకే ఒక్కటుంది. ఫ్యాక్టరీలో రిటైరైన హార్లన్ వోగెల్ దగ్గర కర్టిస్ దాన్ని ఆ వేసవిలోనే కొన్నాడు. మర్నాడు షెడ్డులో చూస్తే ముందు దీపం పగిలి ఉంది. ఆ సాయంత్రం అతను జలుబు మందు వేసుకుని ఇంట్లో పడుకున్నాడు. భార్య పుట్టింటికి వెళ్లింది. అతను మంచం మీదే ఉన్నాడని చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు. పైగా కుర్రతనంలో తాగి నడిపిన కేసొకటి మెడకుంది. ఈసారి జైలు తప్పదు, ఇక జన్మలో బస్సు తాళం చేతికివ్వరు.

“కారు తాళాలెన్ని?” అడిగాడు టెస్మర్.

“ఒక్కటేనండీ. వోగెల్ గారు ఇచ్చింది ఒక్కటే. వంటింట్లో మేకుకుంటుంది. ఉన్నది ఉన్నట్టే ఉంది.”

“బండి మంచిదేనా?”

అంత భయంలోనూ కర్టిస్ మొహం వెలిగింది. “ఎక్కితే రాజానండీ. కాలు ఆనిస్తే చాలు, వీపు సీటుకు అతుక్కుపోతుంది. కానీ పెట్రోలు తాగుడు మామూలు తాగుడు కాదు. ఆయిల్ కారుతుంది. బ్రేకు తొక్కితే దానికి బుద్ధి పుట్టినప్పుడు ఆగుతుంది. అసలు చావేంటంటే, వేడి మీద ఆపామా, ఇక స్టార్టవదు. అరపూట దాని మొహం చూస్తూ కూచోవాలి.”

టెస్మర్ నిట్టూర్చి బూట్ల కోసం కాలితో వెతుక్కున్నాడు. కేసు ఒప్పుకున్నట్టేనని నడీన్‌కు అర్థమైంది.

కర్టిస్ కారు షెడ్డు ఇంటికి దూరంగా, వెనక సందులో ఉంది. ఆ ఊళ్లో షెడ్లకు తాళాలు వేసే అలవాటు లేదు. కారు ముందు భాగం కింద, నూనె మరకలు కప్పుతూ ఒక అట్టముక్క పరిచి ఉంది. టెస్మర్ మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ వంగి, దాన్ని చాలాసేపు చూశాడు. చుక్కలన్నీ సరిగ్గా దాని నడుమ పడుతున్నాయి. కర్టిస్ భార్య జోలీన్ అది చూపించి కళ్లు తుడుచుకుంది. సిమెంటు పాడవుతోంది, కింద ఏదన్నా వెయ్యమని ఆవిడ మొగుణ్ణి పోరి పోరి అలిసిపోయిందట. నేను పుట్టింటి నుంచి వచ్చేసరికి ఇది పరిచి ఉంది, చివరికి ఈ గొడవ జరిగిన రోజు మాట విన్నాడు, మంచి మనిషండీ, అంది. బయట కర్టిస్‌ను అడిగితే, అది మా ఆవిడే వేసుంటుంది, దాంతో నస వదిలింది అన్నాడు. నడీన్ రెండూ విని మొగుడూపెళ్లాల గొడవేలే అనుకుని ఊరుకుంది.

జోలీన్ తమ్ముడు డ్వైట్ మీద ఇంట్లోవాళ్లకు అనుమానం ఉంది. బావకు చెప్పకుండా ఆ బండి ఒకసారి తీశాడు కూడా. కానీ సిగరెట్ల కోసం ఆపాక అది మళ్లీ కదల్లేదు. నడిచి ఇంటికొచ్చానని, ఆ రోజు నుంచి దాని పేరెత్తితే ఒళ్లు మండుతుందని చెప్పాడు.

మలుపు దగ్గర లాండ్రీ నడిపే ఆవిడ చెప్పింది మాత్రం నడీన్ బుర్రలో నాటుకుంది. గుద్దాక ఆ కారు ఫోను బూత్ దగ్గర ఆగింది. టోపీ పెట్టుకున్న మనిషి ఇంజను ఆపేసి దిగి, అంబులెన్సుకు ఫోను చేశాడు. ఇంజను ఆపకపోతే ఆ చప్పుడులో అవతలివాళ్లకు ఏం వినబడుతుంది? తర్వాత ఎక్కాడు, ఒక్క దెబ్బకు స్టార్టయింది, వెళ్లిపోయాడు. మనిషి మొహం చీకట్లో కనబడలేదట.

ఆఖరున వోగెల్ ఇంటికి వెళ్లారు. డెబ్భై ఏళ్ల ఒంటరి మనిషి, మాటల్లో మర్యాద. కారు ఎందుకు అమ్మారని అడిగితే, ఇక దానితో పడలేక అన్నాడు. ఇద్దరికీ కాఫీ పోశాడు. పోస్తున్నప్పుడు కప్పు అంచుకు లోపల వేలు పెట్టాడు. కాఫీ వేలికి తగిలాక ఆపాడు. టెస్మర్ ఆ కాఫీని చివరిచుక్క దాకా తాగి, రేపు పొద్దున కర్టిస్ షెడ్డు దగ్గరికి రమ్మని పిలిచాడు.

మర్నాడు షెరీఫ్ పంపిన డెప్యూటీ లోఫ్టస్ బేడీలతో వచ్చేసరికి అందరూ సందులో ఉన్నారు. టెస్మర్ చెప్పినట్టు నడీన్ ఆ ఎర్ర కారును ఊరంతా తిప్పి, కాగిపోతున్న ఇంజనుతో తెచ్చి ఆపింది.

“స్టార్ట్ చెయ్యండి,” అన్నాడు టెస్మర్.

కర్టిస్ సెల్ఫ్ కొట్టాడు. కొట్టి కొట్టి దిగాడు. డ్వైట్ ఎక్కాడు. యాక్సిలరేటర్ టపటపా తొక్కుతూ కొడుతూనే ఉన్నాడు. సెల్ఫ్ గీపెట్టింది. వినలేక జోలీన్ చెవులు మూసుకుంది. అప్పుడు టెస్మర్ డ్వైట్‌ను దించి, తాళంచెవి తీసి తన జేబులో వేసుకున్నాడు.

“తుక్కు బండి. పాత సామాన్లవాడికి తోసెయ్యండి,” అన్నాడు.

“తప్పుకోండి,” అన్నాడు వోగెల్.

ఆయన మొహం ఎర్రబడింది. విసవిసా వచ్చి సీట్లో కూర్చున్నాడు. “సెల్ఫ్ కాల్చేస్తారా ఏం? ఊరికే తొక్కకూడదు. యాక్సిలరేటర్ అడుగుకంటా నొక్కి అలాగే ఉంచాలి.” చెయ్యి తన కోటు జేబులోకి పోయింది. తాళంచెవి బయటికొచ్చింది, తిరిగింది. ఇంజను ఒక్కసారిగా గర్జించింది. ముసలాయన దాన్ని వింటూ కాసేపు కళ్లు మూసుకున్నాడు.

కళ్లు తెరిచేసరికి అందరూ ఆయన చేతినే చూస్తున్నారు.

“ఆ తాళం మీకెక్కడిది వోగెల్ గారూ?” అన్నాడు కర్టిస్.

ఆయన ఇంజను ఆపేశాడు. టెస్మర్ షెడ్డు గోడకు ఆనుకుని, ఎవరి మొహమూ చూడకుండా చెప్పుకొచ్చాడు.

“ఆ అట్టముక్క భార్య వేసిందని కర్టిస్, మొగుడు వేశాడని జోలీన్. అంటే ఇద్దరూ వెయ్యలేదు. ఆదివారం కారు తెచ్చి పెట్టినవాడే వేశాడు. కారు దొంగిలించి, మనిషిని గుద్ది, వణుకుతూ తిరిగొచ్చినవాడికి నేల పాడవుతుందన్న బెంగ ఎందుకు? దొంగకు ఉండదు. ఏళ్ల తరబడి ఆ పని చేసిన చేతికే ఉంటుంది, చుక్క సరిగ్గా ఎక్కడ పడుతుందో కూడా దానికే తెలుసు, దానంతటదే చేసేస్తుంది. వేడి ఇంజను ఒక్క దెబ్బకు స్టార్ట్ చేసే మనిషీ వీళ్లలో లేడు. ఇక ఆవిణ్ణి ఎందుకు గుద్దారో నాకు మీ కాఫీ చెప్పింది వోగెల్ గారూ. కప్పు నిండిందో లేదో మీకు కనబడదు.”

“చూపులో నడుమంతా మసక,” అన్నాడు వోగెల్ మెల్లగా. “అంచులే కనబడతాయి. డాక్టరు ఇక నడపొద్దన్నాడు, అందుకే అమ్మాను. రెండో తాళం మాత్రం ఇవ్వలేకపోయాను. ఒక్కసారి, ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్లొద్దామనుకున్నా. అంతే. ఆవిడ నాకు కనబడలేదు. చప్పుడు వినబడింది.”

కర్టిస్ కారు తలుపు దగ్గరికి వచ్చాడు. “నా చేతికి బేడీలేసి తీసుకుపోతుంటే చూస్తూ ఊరుకునేవాడివా పెద్దాయనా?”

“స్టేషను మెట్ల దాకా వెళ్లాను బాబూ. ఎక్కలేకపోయాను.”

“ఎక్కాల్సింది,” అన్నాడు కర్టిస్.

వోగెల్ తలూపాడు. కారు తాళంచెవిని గుత్తిలోంచి తీయబోయి, ఏదో కనబడక తడుముకున్నాడు. జోలీన్ వచ్చి తనే దాన్ని తీసుకుంది. డెప్యూటీ బేడీలు వెయ్యకుండానే ఆయన్ను చెయ్యి పట్టి నడిపించుకుపోయాడు.

నడీన్‌కు ఏదో గొప్ప మాట అనాలనిపించింది గానీ, టెస్మర్ మొహం చూసి మానుకుంది. కేసు గెలిచిన మనిషిలా లేడు, అలిసిపోయి ఉన్నాడు. షెడ్డులోకి కారును చేతులతో తోసుకుపోయిన కర్టిస్, మోకాళ్ల మీద వంగి అట్టముక్కను దాని కిందికి జరిపాడు. లేచి, చేతులు తుడుచుకుని, నిలబడి చూశాడు.

నూనె చుక్క అట్టముక్క పక్కన, ఒట్టి సిమెంటు మీద పడింది.