తలుపు దగ్గర కాత్యాయని

కాత్యాయని ఎడమ కాలు ముందుకు వేసింది. చేతిలో కాఫీ పళ్ళెం. వీధి తలుపు అవతల ఎవరో కొడుతున్నారు. అత్తగారి మొహం, తోడికోడలి మొహం, పెరట్లో పనిమనిషి మొహం, మళ్ళీ అత్తగారి మొహం. ఆకాశంలో ఓ మెరుపు. కాత్యాయని ఎడమ కాలు ముందుకు వేసింది. మళ్ళీ అదే కాలు!

"ఖర్మ," అంది విరజ, తెర ముందు కుర్చీలో వెనక్కి వాలుతూ.

కాకినాడ సముద్రపు గోడ పక్కన, ఊపిరిశాల అనే ఆసుపత్రి పై అంతస్తులో ఆమె గది. ఆమెది గమన పరీక్ష ఉద్యోగం. ధార అనే యంత్రం అల్లిన ఆ రోజు భాగాన్ని పొద్దున్నే చూసి, కథ కదిలిందో లేదో తేల్చాలి. బల్ల మీద మూడు మీటలున్నాయి: కదిలింది, కదల్లేదు, తీరింది. మొదటి రెండూ ఆమె వేళ్ళకు అరిగిపోయాయి. మూడోది కొన్నప్పటిలాగే మెరుస్తోంది. ఏ ధారావాహికకైనా మొదలుపెట్టిన రోజే ముగింపు కూడా అల్లి దాచాలని చట్టం. ఆ మీట నొక్కితే దాచింది బయటికొస్తుంది. ఇన్నేళ్ళలో దాన్ని నొక్కిన పరీక్షకులు లేరు.

విరజ గొంతు సవరించుకుని అభ్యంతరాలు చెప్పడం మొదలుపెట్టింది. ధార వింటూ రాసుకుంటోంది.

"ముఖచక్రం అనవసరంగా తిప్పావు. అత్తగారి మొహం రెండోసారి చూస్తే కొత్తగా తెలిసిందేమీ లేదు. పెళ్ళినాటి గతస్మృతి ఈ నెలలోనే చాలాసార్లు వేశావు. వంటింట్లోంచి వీధిగుమ్మం దాకా రావడానికి ఆ పిల్లకు వానాకాలం మొత్తం పట్టింది. కాఫీలోంచి ఇంకా పొగలొస్తున్నాయి! చూసేవాళ్ళ చెవుల్లో పువ్వులున్నాయనుకుంటున్నావా? కథంటే జీడిపాకం కాదు, ఎంతసేపూ సాగదీయడానికి."

కదల్లేదు నొక్కింది. ధార మర్యాదగా కృతజ్ఞతలు చెప్పింది. రేపు కాత్యాయని కుడికాలు వేస్తుంది, అంతే. విరజకు ఒళ్ళు మండిపోయింది. గోడకు చెప్పుకున్నా ఇంతకంటే నయం, గోడ కనీసం కృతజ్ఞతలు చెప్పదు.

వారానికోసారి పరీక్షకులు రోగులతో కలిసి కూర్చుని చూడాలని నియమం. ఆవేళ ఆమె వంతు. కింద పొడవాటి వార్డులో మంచాలు వరసగా ఉన్నాయి. అందరిదీ ఇసుకదగ్గే. సముద్రాన్ని వెనక్కి నెట్టి గోడ కట్టిన ఏళ్ళలో ఊపిరితిత్తుల్లో చేరిన ధూళి, ఇక బయటికి రాదు. ప్రతి మణికట్టుకూ ఓ నాడిపట్టీ, ప్రతి మంచం తలాపునా ఓ పచ్చగీత. గీత నిటారుగా ఉంటే ఊపిరి బాగున్నట్టు.

కిటికీ పక్క మంచం బంగారమ్మది. బతుకంతా కాకినాడ–అమలాపురం బస్సులో కండక్టరుగా చేసిన మనిషి. ఊపిరి సగమైనా గొంతు సగం కాలేదు. ఈమధ్య ఆమె గీత మాత్రం రోజురోజుకీ వంగుతోంది.

"రామ్మా ఇరజా, రా," అంది. "ఏవండీ పరీక్షకురాలు గారూ, ఆ పిల్ల తలుపు తీసిందా?"

"లేదండి."

"బస్సన్నాక స్టాపులో ఆగాలి. కాదనను. స్టాపులోనే కాపురం పెట్టేత్తే జనం దిగిపోరూ?" ఓసారి దగ్గి, గాలి కూడదీసుకుంది. "నాకు దిగే దారి కూడా లేదు. ఇదిగో, నిన్న ఆ నర్సమ్మాయి గీత చూసి మొహం తిప్పేసుకుంది. నాకు తెలుసు. వారమో, పది రోజులో. తలుపు కొట్టిందెవరో తెలీకుండా పోతానేమోనని బెంగ. పిల్లల గురించి కూడా ఇంత బెంగ లేదు నాకు, సిగ్గులేదు గానీ."

విరజకు నవ్వు రాలేదు. చెయ్యి పట్టుకుని కూర్చుంది. తెర మీద కాత్యాయని ఎడమ కాలు ముందుకు వేసింది, వార్డంతా గుడ్లప్పగించి చూసింది. మంచాల తలాపున గీతలన్నీ ఒక్కసారి నిటారుగా లేచాయి. మెరుపు మెరిసి భాగం అయిపోగానే కాస్త వంగి, అక్కడే నిలబడ్డాయి.

ఆమె ఇంతకుముందు తెర వైపే చూసేది. గీతల వైపు చూడడం అదే మొదలు.

తిన్నగా డాక్టర్ ఇందుశేఖర్ గదికి వెళ్ళింది. ఊపిరిశాల పెద్ద ఆయనే. మెత్తని మనిషి. ఎవరి మీదా కోప్పడడు, ఎవరికీ ఏదీ తిన్నగా చెప్పడు.

"ఆ గీతలకూ మన కథకూ ఏంటండీ సంబంధం?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కూర్చోండి విరజ గారూ. రేపేమవుతుందో అని ఎదురుచూసే మనిషి లోతుగా ఊపిరి తీస్తాడు. మందులు చెయ్యలేని పని అది. అందుకే ధార కథ తీర్చదు. తీర్చకూడదు."

"అయితే నేనెందుకు? రోజూ గొంతు చించుకుని కదల్లేదు, కదల్లేదు అని..."

"మీ అభ్యంతరాలే దానికి పాఠాలండి," అన్నాడాయన, మెచ్చుకుంటున్నట్టే. "చూసేవాడికి ఎక్కడ విసుగు పుడుతుందో మీ అంత బాగా ఎవరూ చెప్పలేరు. మీరు చెప్పిన చోటుకు ఒక్క అడుగు ఇవతల అది ఆగుతుంది. ఈ ఏడాది సాగదీత ఇంత కుదురుగా వచ్చిందంటే ఆ పుణ్యం మీదే."

విరజ ఇన్నాళ్ళూ తిడుతున్నాననుకుంది. తీరా చూస్తే చెయ్యి పట్టుకుని నేర్పించింది! పాముకు పాలుపోసి పెంచిందెవరయ్యా అంటే తనే.

"బంగారమ్మ గారి గీత మరి వంగిపోతోంది కదండీ?"

"కొందరికి ఎక్కువ కాలం పనిచెయ్యదు. ముగింపు వేస్తే మాత్రం అందరి గీతలూ ఒక్కరోజులో పడిపోవచ్చు. ఆ మీట జోలికి వెళ్ళకండి. ఆ పాపం మోయలేరు."

"వాళ్ళకు చెప్పారా, ఇది మందని?"

"చెబితే పనిచెయ్యదు కదండీ."

ఆమె వార్డుకు తిరిగొచ్చింది. మంచాల మధ్య నిలబడి, దాచకుండా మొత్తం చెప్పేసింది. వెనక నర్సమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ముగింపు వేస్తే ఏమవుతుందో నాకు తెలీదు," అంది విరజ. "మీ ఊపిరి. మీరే చెప్పాలి."

"మందైతే మందని చెప్పి ఇవ్వాలి గదా!" బంగారమ్మ కళ్ళు ఎర్రబడ్డాయి. "టికెట్టు ఇవ్వకుండా ఎక్కించుకుంటారా ఎవరైనా? మా ఊపిరితో మమ్మల్నే ఊరించారా? వేసెయ్యమ్మా. తాడోపేడో తేలిపోవాలి."

గుమ్మం దగ్గరి మంచం మీదున్న వీరాస్వామి, ఒకప్పుడు పడవలకు తారు పూసిన మనిషి, నెమ్మదిగా చెయ్యెత్తాడు. "నాకు భయంగానే ఉందండి. అయినా వెయ్యండి." అతని పక్కవాడు ఎత్తాడు. తర్వాత ఒకరొకరుగా వార్డు చివరిదాకా ఎత్తారు. ఎత్తలేనివాళ్ళు వేళ్ళు కదిపారు.

విరజ మెట్లెక్కింది. పోయేవాళ్ళందరి పేర్లూ రేపట్నుంచి తన పేరు పక్కనే ఉంటాయి. అయినా గదిలోకి వెళ్ళి, కూర్చోకుండానే, ఆ మెరిసే మీట నొక్కింది. అది కొంచెం బిగుసుకుని ఉంది. రెండోసారి గట్టిగా నొక్కాల్సి వచ్చింది.

ఆమె కిందికి వచ్చేసరికి కాత్యాయని తలుపు తీస్తోంది.

అవతల పక్కింటావిడ. "కాస్త చింతపండుంటే పెట్టమ్మా," అంది. కాత్యాయని చింతపండు ఇచ్చింది. తలుపు వేసింది. పళ్ళెంలో కాఫీ తీసుకుని, వీధరుగు కనిపించే కిటికీ దగ్గర కూర్చుని, తనే తాగేసింది. శుభం.

ముఖచక్రం లేదు, మెరుపూ లేదు. తెర నల్లబడింది.

గీతలన్నీ వంగాయి. వంగుతూనే ఉన్నాయి. నర్సమ్మాయి ఏడుస్తూ మంచాల మధ్య పరిగెత్తింది. విరజ బంగారమ్మ చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. అయిపోయింది, చంపేశాను, అనుకుంది.

"ఛీ!"

బంగారమ్మ లేచి కూర్చోవాలని చూస్తోంది. "చింతపండా! కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు... ఇన్నాళ్ళు ఊపిరి బిగబట్టింది చింతపండు కోసవా! ఇల్లొదిలిపోయిన మొగుడు ఏవయ్యాడు? అత్తగారు దాచిన ఆ తాళం గుత్తి ఏవైంది?"

"మొగుడు రాకపోవడమే మేలు," అన్నాడు వీరాస్వామి, పడుకునే. "ఆ పిల్ల మొదటిసారి తన కాఫీ తను తాగింది. బావుందంటాను."

"ఏడిసింది! ఆ కాఫీ చల్లారి ఎన్నాళ్ళయిందో!"

"పొగలొచ్చాయి కదండీ, చూళ్ళేదా?" అంది ఇంకో మంచం. "తోడికోడలి సంగతి గాలికొదిలేశారు, అది తప్పు," అంది మరొకటి. దగ్గుతూ, ఆగుతూ, గాలి అందగానే మళ్ళీ అందుకుంటూ, వార్డంతా ఒకరి మాటకు ఒకరు అడ్డం పడ్డారు. బంగారమ్మ తలాపున గీత గడ్డిపోచలా ఊగి, కాస్త లేచింది. పక్క మంచానిదీ లేచింది.

తెర మీద ధార అక్షరాలు వెలిగాయి: ఇది ఏ రకం ఎదురుచూపు? దయచేసి వర్గీకరించండి.

విరజ ఆ మాటల వైపు ఒకసారి చూసింది. ఈసారి దానికి పాఠం చెప్పదలచుకోలేదు. స్టూలు లాక్కుని బంగారమ్మ మంచం పక్కనే కూర్చుంది.

"మీరంతా ఓ నిమిషం ఆగండి," అంది. "అసలు తప్పు ఎక్కడుందో నేను చెబుతా."

"నువ్వాగమ్మా," అంది బంగారమ్మ. "ముందు నేను చెప్పాలి."