వాకిట్లో బలి చక్రవర్తి

ఆదివారం పొద్దున్నే ముగ్గు గిన్నె పట్టుకుని తలుపు తీసిన అనసూయమ్మ గడప మీదే ఆగిపోయింది. వాకిలంతా పూలే. కాలు పెట్టే జాగా లేదు.

సీతాఫల్‌మండిలోని ఆ ఇంట్లో పది రోజులుగా ఇదే వరస. కోడలు దేవకృప మలయాళీ పిల్ల. తిరుమలగిరిలో పుట్టి పెరిగింది కాబట్టి తెలుగు గడగడా మాట్లాడుతుంది. కిందటేడు ఓణం పుట్టింట్లో, తల్లి దగ్గర చేసుకుంది. ఈసారి ఇక్కడే చేస్తానని రోజుకో వరస పెంచుతూ పూలముగ్గు వేస్తోంది.

"వేణూ! జెర బయటికొచ్చి చూడు. ఇయ్యాల వామన ద్వాదశి. లోపల నేను వామనునికి పూజ చెయ్యాలె, బయట నీ పెండ్లాం బలి చక్రవర్తికి స్వాగతం చెప్పాలె. ఇది ఇల్లా, ఏందీ?"

"ఒక్క రోజే కదమ్మా," అన్నాడు వేణుమాధవ్ పేపర్ వెనక నుంచి.

"పది రోజుల సంది ఒక్క రోజే అంటున్నవు!"

కొబ్బరి తురుముతున్న దేవకృప చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "బలి చెడ్డోడు కాదత్తమ్మా. ఆయన రాజ్యంల ఆకలి లేదు, అబద్ధం లేదు. మూడడుగుల నేల ఇయ్యొద్దని గురువు చెప్పినా మాట తప్పలే, మూడో అడుగుకు తల వంచిండు. ఏడాదికొక్కసారి నా జనాన్ని చూసిపోతనని అడిగిండు, గంతే. ఆయనొచ్చేది ఇయ్యాలనే."

"దేవుడు పాతాళానికి తొక్కినోన్ని మల్ల ఇంటికి పిలుస్తమా? నా ముగ్గు నేనెక్కడ వెయ్యాలె?"

విసురుగా చీపురందుకుంది. రెండు ఊపుల్లో బంతిరేకులు, చామంతులు గోడవారకు చేరాయి. వాటితోపాటు నడుమనున్న మట్టిబొమ్మ ఒరిగి రెండు ముక్కలైంది.

దేవకృప కింద కూర్చుని ముక్కలు ఏరుకుంది.

"ఇదేందో తెలుసా అత్తమ్మా? వామనమూర్తి. మేం తృక్కాక్కరప్పన్ అంటం. బలి వచ్చే వాకిట్ల నడుమ కూసోబెట్టి ముందు ఈయనకే మొక్కుతం."

అనసూయమ్మ చీపురు పక్కన పెట్టేసింది. "పది రోజుల సంది ఈ మాట చెప్పనీకి నీకు నోరు రాలేదా?"

"చెప్పనిచ్చిన్రా? నోరు తెరిస్తే మీ రాక్షసుని పండుగ అంటిరి. బోనం ఎత్తమంటే ఎత్తిన. బతుకమ్మ పేర్చమంటే, గునుగెందుకు, తంగేడెందుకు అని అడిగడిగి నేర్చుకున్న. మీరు నన్ను ఒక్కసారన్న అడిగిన్రా?" ముంజేత్తో కళ్లు తుడుచుకుంది.

అనసూయమ్మకు పాయసం డబ్బా గుర్తొచ్చింది. కిందటేడు ఓణానికి వియ్యపురాలు డబ్బా నిండా పాయసం పంపితే, రుచైనా చూడకుండా పనిమనిషికి ఇచ్చేసింది. పాయసం ఎట్లుందత్తమ్మా అని కోడలు అడిగితే, బాగుందని అబద్ధమాడింది.

కోడలి పక్కనే నేల మీద కూర్చుంది.

"ఆ పూలిటు జరుపు. ముందు ఏ రంగు వెయ్యాలె? వేణూ, ఆ పేపర్ అవతల పారేసి కుండీల మట్టి తడిపి తే! దేవుడు విరిగితే సుత లేవవా?"

మట్టి వచ్చింది. దేవకృప కొత్త మూర్తిని చేస్తుంటే అనసూయమ్మ చుట్టూ రేకులు సర్దింది. తర్వాత ఫోన్ తీసి తిరుమలగిరికి కలిపింది.

"వదినా, నేను అనసూయను. పండుగపూట మీరొక్కరే అక్కడేం తింటరు? ఆటో ఎక్కి వచ్చెయ్యిన్రి. పెండ్లైన సంది ఒక్క పండుగకు పిలువలే, తప్పైంది. మీ బిడ్డ ఒకటే ఏడుస్తుంది, నాతోని ఊకుంటలేదు. మీరొచ్చి ఊకోబెట్టున్రి."

తన కళ్ల సంగతి మాత్రం చెప్పలేదు.