రెండు గంటల రూలు

"ఇది ఎప్పుడు వండింది?"

"నిన్న రాత్రి."

"ఫ్రిజ్‌లో పెట్టారా?"

"ఫ్రిజ్ ఉంటే గద మేడం పెట్టేటందుకు!"

అంతే. హన్నా ఆ స్టీలు డబ్బా అందుకుని, నాటుకోడి కూర మొత్తాన్ని పక్కనున్న డస్ట్‌బిన్‌లోకి వంచేసింది.

మైక్రోబయాలజీలో పీహెచ్‌డీ చేస్తున్న హన్నా ఆ రోజు ఆర్ట్స్ కాలేజీ దగ్గర బల్ల వేసుకుని, ఇంట్లో ఫ్రిజ్ ఎలా వాడాలో వచ్చేపోయేవాళ్లకు చెబుతోంది. వండినది రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. పచ్చి చేపలు, మాంసం మూత పెట్టి కింది అరలో ఉంచాలి. కరెంటు పోయి, కరిగి, వేడెక్కిన చేపను మళ్లీ గడ్డకట్టించకూడదు. "మరిగిస్తే క్రిములు చస్తాయి. అవి వదిలిన విషం చావదు!" అని చెయ్యి ఊపి మరీ చెప్పింది. ఆ ఊపులోనే కూర కూడా పోయింది.

డబ్బా గలాయన హిస్టరీ స్కాలరు పరుశురాం. ఖాళీ డబ్బాలోకి ఒకసారి చూసుకుని, "మా అమ్మ జనగామ నుంచి బస్సుల పంపింది" అన్నాడు మెల్లగా. తిట్టినా బాగుండేది.

హన్నా ప్రాణం చివుక్కుమంది. "సారీ అండీ. మా అమ్మమ్మ నరసాపురం నుంచి వంజరం చేప పంపింది. పులుసు చేసి తెస్తాను, సరేనా?"

"విషం లేకుండనే గద?" అని నవ్వాడు. బుగ్గ మీద సొట్ట పడింది. దానికి మైక్రోబయాలజీలో ఏ జాగ్రత్తా చెప్పలేదు.

వారం తిరిగేసరికి ఇద్దరూ రోజూ రాజలింగం బజ్జీల బండి దగ్గర కలుస్తున్నారు. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. పులుసు మాత్రం ఇంకా బాకీ ఉంది.

ఆదివారం హన్నా చర్చి నుంచి అటే లాలాగూడలో పెద్దమ్మ ఇంటికి వెళ్లి, సాయంత్రం తార్నాకలో ఇంటికి వచ్చేసరికి పొద్దుటి నుంచీ కరెంటు లేదని తెలిసింది. డీప్ ఫ్రీజర్ తెరిస్తే ఐస్ ట్రేలో నీళ్లు. వంజరం ముక్కల్లో వేలు పెడితే దిగబడుతోంది.

"అన్నీ పారెయ్యవే" అంది వాళ్లమ్మ మేరీ టీచరు.

హన్నా పాలు పారబోసింది, చికెన్ పారేసింది. వంజరం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. మళ్లీ నరసాపురం నుంచి ఎప్పుడొస్తుందో! పరుశురాంకు మాటిచ్చింది కూడా. ఇంతలో కరెంటు వచ్చింది, ముక్కలు గుట్టుగా డీప్ ఫ్రీజర్‌లోకి వెళ్లిపోయాయి. బాగా మరిగిస్తే పోతుందిలే అనుకుంది మహాతల్లి. తన దాకా వస్తే రూళ్లన్నీ ఇలాగే మెత్తబడతాయి.

మర్నాడు పులుసు డబ్బా క్యాంపస్‌కి చేరింది. ఈస్టర్‌కు ముందు శ్రమకాలం ఉపవాసం కనుక తను రుచి కూడా చూడలేదు. అతను తింటుంటే ఎదురుగా కూర్చుని, కళ్లార్పకుండా చూసింది. మొదటి ముద్దకు పరుశురాం ఒక్క క్షణం ఆగాడు.

"ఎలా ఉంది?"

"మస్తున్నది" అని డబ్బా ఊడ్చి పెట్టాడు.

గంట గడవకముందే అతని ముఖం కందిపోయింది, వాంతులు మొదలయ్యాయి. దవాఖానలో డాక్టరు "ఏం తిన్నావయ్యా?" అంటే, హన్నా వైపు చూడకుండా "బయట తిన్న సార్" అన్నాడు.

"రాజలింగం బండి మీద బజ్జీలు సార్! పొద్దున నేనే తినిపిచ్చిన!" అన్నాడు రూమ్మేటు కమలాకర్.

హన్నా నోరు తెరిచింది. మళ్లీ మూసేసింది. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది.

తర్వాత అతనికి తన ముఖం చూపించడానికే సిగ్గేసింది. అతను ఫోన్ చేస్తే ఎత్తలేదు, ఆర్ట్స్ కాలేజీ వైపే వెళ్లలేదు. చివరికి ఓ సాయంత్రం ఉండబట్టలేక బండి దగ్గరికి వెళితే, మూకుడు చల్లగా ఉంది. బేరం లేదు.

"నా బజ్జీలు తిని పిలగాడు పడిపోయిండంటమ్మా" అన్నాడు రాజలింగం. "గందుకే ఎవ్వలు వస్తలేరు. పొద్దుగాల కలిపిన పిండి గీడ గట్లనే ఉన్నది."

హన్నాకు తల కొట్టేసినట్టయింది.

అంతలో కాలం కాని వాన ఒకటి దబదబా కురిసింది. కుర్రాళ్లు పరుగున వచ్చి బండి పరదా కిందికి దూరారు. వాళ్లలో కమలాకర్ ఉన్నాడు. అతని వెనకే, కాస్త చిక్కి, పరుశురాం.

"అరేయ్, నిలబడుర్రి గని ఏం తినకుర్రి" అన్నాడు కమలాకర్.

"బజ్జీల తప్పు కాదు" అంది హన్నా. "నాది. కరిగిపోయిన చేపను మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టి, అదే వండి పెట్టాను. తెలిసే పెట్టాను. దవాఖానలో నోరు మూసుకున్నాను."

ఎవరో కిసుక్కుమన్నారు. "ఫ్రిజ్ క్లాసు చెప్పింది మీరే గద మేడం?"

"నేనే" అంది తల దించుకుని. రాజలింగం వైపు తిరిగి చేతులు జోడించింది. ఆయన పొయ్యి వెలిగించాడు. కమలాకర్ తల గోక్కుని, "నాలుగు ప్లేట్లు వెయ్యి కాకా" అన్నాడు.

పరుశురాం దగ్గరికొచ్చాడు. "నాకు తెల్సు."

"ఏంటి?"

"మొదటి ముద్దకే నాలుక చురచురమన్నది."

"మరెందుకు తిన్నావు? బుద్ధుందా నీకు?"

"నా నోటి దిక్కే చూస్తుంటివి. బాగలేదంటే ఏడ్చేటట్టున్నవ్. తప్పు నాది గూడ ఉన్నది హన్నా. 'బయట తిన్న' అన్న, రాజలింగం కాక బేరం పోయింది." ఇంకాస్త దగ్గరికి జరిగాడు. "నువ్వంటే నాకు మస్తు ఇష్టం. గంతే. ఏమంటవ్?"

"ఈ ముఖం పెట్టుకుని ఏం చెప్పను? కొంచెం ఆలోచించుకోనీ."

"ఆలోచించుకో. రెండు గంటలు. అంతకన్న ఎక్కువసేపు బయట పెట్టొద్దని నువ్వే చెప్పినవ్."

హన్నాకు ఇంకా తల ఎత్తే ధైర్యం రాలేదు. అతని తడిసిన చెప్పుల వైపే చూస్తూ, "అంతసేపు అక్కర్లేదు" అంది.