జెల్లల మీసాలు

లైబ్రేరియన్ కనబడటం లేదు. వారం దాటింది.

"మాటా మాటా పెరిగింది సార్. సంచీ సర్దుకుని వెళ్లిపోయింది," అంటాడు భర్త.

ఆమె చెల్లెలు మాత్రం పొరుగూరి నుంచి వచ్చి పోలీస్ స్టేషన్ బెంచీ వదలలేదు. "ఉందో లేదో అదొక్కటి చెప్పండి సార్. ఎదురుచూడాలో ఏడవాలో తెలియక చస్తున్నాను."

సాయంత్రం ఆరున్నరకి ఇన్‌స్పెక్టర్ ఆమెనూ ఒక కానిస్టేబుల్‌నీ వెంటబెట్టుకుని లైబ్రేరియన్ ఇంట్లో అడుగుపెట్టాడు.

భర్త ఫోటోలకు ఫ్రేములు కట్టే మనిషి. ముందు గదే దుకాణం. గోడ నిండా ఎవరెవరివో ముఖాలు. అన్నీ నవ్వుతున్నాయి.

లోపలి గదిలో అక్వేరియం. దాని పక్కన లైబ్రేరియన్ కూర్చునే పీట. పీట ఖాళీగా ఉంది. అయినా ఇన్‌స్పెక్టర్ దాన్ని తప్పించుకునే నడిచాడు.

నీళ్లలో పైన గప్పీ చేపలు. అడుగున బొటనవేలంత జెల్ల చేపలు.

"నాకంటే ఈ మీసాల వాళ్లంటేనే ప్రాణం దానికి," అన్నాడు భర్త.

"అక్క లైటు ఆపాకే వీటికి మేత వేసేది," అంది చెల్లెలు. "పైవాళ్లు దొంగలే, మేత వీటిదాకా రానివ్వరు అనేది ఫోన్లో."

ఇన్‌స్పెక్టర్ లైటు ఆపాడు.

జెల్లలు ఒక్కొక్కటే కదిలాయి. పీట వైపు మూలకి చేరాయి. అద్దానికి మూతులు ఆనించి ఆగిపోయాయి.

చెల్లెలు కొంగు నోట్లో కుక్కుకుంది.

అంతలో ఒక జెల్ల రివ్వున పైకి పోయి గాలి మింగి వచ్చింది. వెంటనే ఇంకొకటి. ఆ వెంటనే మరొకటి. ఇన్‌స్పెక్టర్ టార్చి వేసి వంగాడు.

"ఈ తొట్టి ఎవరు చేశారు?"

"నేనే సార్. పెళ్లయిన ఏడాది."

"అడుగున ఈ కంకర?"

"మొదట్నించీ అదే."

"ఇక్కడ వెనిగర్ ఒలికిందా?"

"లేదే!"

ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా నిటారుగా నిలబడ్డాడు.

"మా ఇంట్లోనూ జెల్లలుండేవి. మా ఆవిడ పెంచేది, ఉన్నన్నాళ్లూ. ఇవి రోజంతా మూతి నేలకి రాస్తూ మేత వెతుక్కుంటాయి. గరుకు కంకర మీదైతే మీసాలు అరిగి మొండి అయిపోతాయి. ఇవి చూడండి, ఒక్కటీ అరగలేదు. ఇసుక మీద పెరిగిన మీసాలివి. కంకర మొన్న వచ్చింది. తొట్టీ మొన్నటిదే. అద్దాలు అతికే సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసనొస్తుంది, మీకు నేను చెప్పాలా? కొత్త నీళ్లు పడకే ఇవి గాలి కోసం పైకి పోతున్నాయి. పాత తొట్టి ఏమైంది?"

భర్త గోడకి జారగిలబడ్డాడు.

"పగిలింది. ఒక్క తోపు సార్. ఒక్కటే. తల దాని మూలకి తగిలింది. గదంతా నీళ్లు. జెల్లలు నేల మీద కొట్టుకుంటున్నాయి. అది కదలటం లేదు. ఇవి కదులుతున్నాయి. వీటినన్నా బతికిద్దామని బకెట్లో వేశాను."

"వీటిని చావనిచ్చి ఉంటే నేను వట్టి చేతులతో వెనక్కి పోయేవాణ్ణి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆ గొంతులో గెలుపు లేదు. "ఆవిడ ఎక్కడ?"

"పెరట్లో, గోడవార. పాత ఇసుక కూడా అక్కడే పోశాను సార్. తల కింద. మెత్తగా ఉంటుందని."

చెల్లెలు వెళ్లి అక్క పీట మీద కూర్చుంది.

"వీటి మేత ఎక్కడుంది బావా?"

అతను అలమర వైపు చెయ్యి చూపాడు. ఆమె డబ్బా తీసి మూత విప్పింది.

"ఒక్క బిళ్ల చాలమ్మా. నీళ్లు ఇంకా కుదుటపడలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

బిళ్ల మెల్లగా మునిగింది. చీకట్లో మీసాలు దాన్ని తడుముకున్నాయి. అప్పుడు మొదలైంది ఆమె ఏడుపు.

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోని కానిస్టేబుల్ దగ్గరికి వెళ్లాడు.

"ముందు పెరడు చూడు. తర్వాత ఎవర్నైనా పంపి ఈ తొట్టిలోకి కాస్త ఇసుక తెప్పించు. మెత్తటిది."