పుట్టు వెంట్రుకల బావి

ఇందుకూరుపేట నుంచి మైపాడు పోయే దారిలో, రొయ్యల గుంటల నడుమ ఉంది రేవతి ఇల్లు. ఇంటి వెనకాల బావి. ఒకప్పుడు ఊరంతా మంచినీళ్లకు అక్కడికే వచ్చేదట. గుంటలు తవ్వాక ఆ నీళ్లు ఉప్పుకషాయమైపోయాయి. ఆ నీళ్లలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, కుంకుడురసం విరిగిన పాలలా తలకు అతుక్కుంటుంది. రెండేళ్లు ఆ నీళ్లు పోసుకునేసరికి రేవతి జడ ఎలకతోకలా మిగిలింది. తన జడను తనే ఎగతాళి చేసుకుని నవ్వేది. కూతురి జుట్టు రాలడం మొదలయ్యాక మాత్రం నవ్వు రాలేదు.

కూతురు సాయిలక్ష్మికి మూడో ఏడు. ఇంకా పుట్టు వెంట్రుకలు తీయించలేదు. ఇద్దరు బిడ్డలు కడుపులోనే పోయాక, "ఈసారి బిడ్డ నిలిస్తే తొలి జుట్టు నీదే సామీ" అని పెంచలకోన నరసింహస్వామికి మొక్కుకుని కన్న పిల్ల. మొదటి ఏడు తీయిద్దామంటే అత్తగారు పోయి ఏటిసూతకం వచ్చింది. ఇప్పుడు శనివారానికి ఏర్పాటు చేసుకున్నారు. మేనమామ హరినాథ్ పిల్లను ఒళ్లో కూచోబెట్టుకుని మూడు కత్తెర్లు వెయ్యాలి. ఆ తర్వాత గుండు, గుండుకు గంధం. అప్పటిదాకా ఆ జుట్టు స్వామి సొత్తు. అది ఉప్పునీళ్ల పాలవుతుంటే ఏ తల్లికి నిద్ర పడుతుంది?

బావి నీళ్లు మానేసి క్యాను నీళ్లు కొని పోసింది. మందారాకు రుబ్బి పెట్టింది. అయినా దువ్వెన పెడితే చాలు, ఊడేది ఊడుతూనే ఉంది. ఊడినదాన్ని పారేయడానికి చేతులు రాలేదు. పుట్టు వెంట్రుక కాలికింద పడకూడదు, నీళ్లలో కలపాలని పెద్దలు చెప్పేమాట. కాలవ ఎండిపోయింది. సముద్రం దాకా తీసుకుపోయే తీరిక మొగుడు నరేంద్రబాబుకు లేదు, రొయ్యల గుంటల మీద వాచ్‌మన్ పని. ఎటూ ఎవరూ తాగని బావి, ఏ నీళ్లయినా నీళ్లే కదా అనుకుంది రేవతి. పసుపుగుడ్డలో మూటకట్టి, దండం పెట్టి మరీ బావిలో వేసింది. అలా మూడు శుక్రవారాలు, మూడు మూటలు.

నాలుగో శుక్రవారం, తెల్లారితే ప్రయాణం. సముద్రంలో వాయుగుండమట, పొద్దున తొమ్మిదయినా దీపాలు పెట్టే వేళలా మసకగా ఉంది. గాలి లేదు. గుంటల మీదనుంచి నీచు వాసన. క్యాను బండి రాలేదు. వాకిలి కడుగుదామని బావిలో బకెట్ వేసి లాగితే నీళ్లు ఎగిరి పెదాలమీద పడ్డాయి.

తియ్యగా ఉన్నాయి!

రేవతి దోసిలితో మళ్లీ తాగి చూసింది. కొబ్బరినీళ్లే. పరుగున వెళ్లి కుంకుడురసం తెచ్చి కలిపితే బుసబుసమని నురగ. "సామి కనికరించినాడు" అని ఆనందంతో కళ్లనీళ్లు పెట్టుకుంది. పిల్లకు ఆ నీళ్లతోనే తలంటింది. జుట్టు పట్టులా జారింది, ఒక్క వెంట్రుకా ఊడలేదు. నీళ్లు మాత్రం ఎవరో కాచి పెట్టినట్టు గోరువెచ్చగా ఉన్నాయి. ఆ సంతోషంలో ఆ సంగతి ఆమెకు పట్టలేదు.

పిల్లను వసారాలో పీట మీద కూచోబెట్టి, సాంబ్రాణి పొగకు నిప్పులు తెద్దామని వంటింట్లోకి వెళ్లింది. అంతలో కరెంటు పోయింది. రాత్రింబవళ్లు గుంటల్లో నీళ్లు చిలికే ఏరియేటర్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ చప్పుడుకు అలవాటుపడ్డ చెవులకు నిశ్శబ్దం బరువుగా తగిలింది.

కిచ్…

పటకారు పట్టుకున్న చెయ్యి ఆగింది.

కిచ్… కిచ్…

కత్తెర చప్పుడు. ఇంట్లో ఉన్న ఒక్క కత్తెరా ఎదురుగా మేకుకు వేలాడుతోంది.

ఫోను మోగింది. తమ్ముడు హరినాథ్. "అక్కా, నెల్లూరులో బస్సెక్కినా. కొత్త కత్తెర కొన్నాలే…"

రేవతి ఫోను పడేసి పరిగెత్తింది. వసారాలో పిల్ల లేదు. పీట కూడా లేదు.

పీట బావి పక్కన ఉంది. దానిమీద సాయిలక్ష్మి, కాళ్లు చాపుకుని, బుద్ధిగా. తల నున్నగా గుండు. గుండుమీద చల్లటి తెల్లటి పూత, గంధంలా ఉంది కానీ బురద వాసన. నేలమీద… ఒక్క వెంట్రుక లేదు.

"ఎవురమ్మా… ఎవురు చేసినారు?"

"మామ."

"యాడుండాడు మామ?"

పిల్ల బావిలోకి చెయ్యి చూపించింది.

రేవతి కేకకు పక్కింటి ముసలామె నాగులమ్మ గోడ దగ్గరికి వచ్చింది. పిల్ల తల చూసింది, బావి చూసింది. రేవతి ఏడుస్తూ మూటల సంగతి చెబితే ఆమె మొహం పాలిపోయింది.

"బాయిలోనా యేసినావు?" గొంతు తగ్గించి అడిగింది. "పారే నీళ్లలో యెయ్యాలమే. నిలవనీళ్లలో యేస్తే తీసుకునేవాళ్లుంటారు. తొలిజుట్టు ఎవురికిచ్చినావో బిడ్డ వాళ్లది."

"నేను సామికి మొక్కుకున్నా అవ్వా!"

"మొక్కింది సామికి. ఇచ్చింది యాడ?"

రేవతి పిల్లను ఎత్తుకుని లోపలికి పోయింది. నాగులమ్మ కూడా వెంట వచ్చి గడియ పెట్టి కూచుంది, పాపం వదిలి పోలేకపోయింది. పదకొండు దాటాక హరినాథ్ వచ్చాడు. జరిగిందంతా విన్నాడు. తర్వాత మొండి ధైర్యం తెచ్చుకుని నేలమీద బాసిపట్టు వేసుకు కూచున్నాడు.

"గుండయితే యేంది? మేనమామను నేనుండా. నా ఒళ్లో కూచోబెట్టక్కా. సామి పేరు చెప్పి మూడు కత్తెర్లు గాల్లోనన్నా యేస్తా. రా తల్లీ, మామ ఒళ్లోకి రా."

సాయిలక్ష్మి తల్లి మెడ వదల్లేదు. అతన్ని కాసేపు తేరిపార చూసింది.

"ఈయన మామ కాదమ్మా."

"అదేందే? మామే కదా!"

"మామ తడిగుంటాడు."

రేవతి పిల్ల తల నిమురుతూ చెవుల దగ్గర ఆగింది. రెండు చెవితమ్మెల మీదా సరిగ్గా నడిమధ్యన ఆవగింజంత నల్లటి చుక్కలు. ఐదో ఏట మేనమామ ఒళ్లో కూచోబెట్టి చెవులు కుట్టే ముందు కంసాలి పెట్టే గుర్తులు అలాగే ఉంటాయి. కొంగుతో తుడిచింది. నూనె రాసి తుడిచింది. చుక్కలు పోలేదు, తుడిచినకొద్దీ కొంగు మాత్రం తడుస్తోంది.